రాకర్ ఆర్మ్‌కు జ్యామితి ఉంటుందా?

సందేహం: ఇంజిన్ మరమ్మతు పాఠం ఒకటి తెలుగు చేస్తున్నాను. అందులో రాకర్ ఆర్మ్ అంటే ఇంజిన్ వాల్వ్‌ను నొక్కి తెరిచే ఊగే మీట, పుష్‌రాడ్ అంటే ఆ మీట రెండో కొసను తోసే కడ్డీ. “పుష్‌రాడ్ పొడుగు మార్చి రాకర్ ఆర్మ్ జ్యామితిని సెట్ చేయాలి” అని రాశాను. జ్యామితి శాస్త్రం పేరు కదా, దాన్ని సెట్ చేయడమేమిటని మిత్రుడు ఆక్షేపించాడు. ఏది సాధువు?

సమాధానం: మీ మిత్రుడి ఆక్షేపణ సగం న్యాయమే. శాస్త్రాన్ని ఎవరూ బిగించరు, వదులు చేయరు. ‘వ్యాకరణాన్ని సెట్ చేశాను’ అంటే నవ్వమా? ఇంగ్లీషులో ‘జామెట్రీ’ అనే మాటకు శాస్త్రమనీ, భాగాల పొందిక అనీ రెండర్థాలున్నాయి గనుక తెలుగులోనూ ఒక్క మాటతో సరిపెట్టవచ్చుననుకోవడం నేటి అనువాదకుల సోమరితనం. అయినా జ్యామితిలోని ‘జ్యా’ను చూశాక మీ వాక్యాన్ని కొట్టివేయడానికి చేయి రావడం లేదు.

అమరకోశం జ్యాను భూమి పేర్లలో చేర్చింది. ఆ లెక్కన జ్యామితి భూమిని కొలవడం. కాని ఆ మాటకు ప్రసిద్ధమైన అర్థం వింటినారి. మన గణితజ్ఞులు వృత్తఖండాన్ని ఎక్కుపెట్టిన విల్లుగా చూసి, వంపును చాపమనీ, దాని కొసలను కలిపే గీతను జ్యా అనీ, నారి నడిమి నుంచి వంపు నడిమికి ఉన్న దూరాన్ని శరమనీ అన్నారు. జ్యాకు పర్యాయమైన ‘జీవా’ అరబ్బులకు చేరింది. అచ్చులు లేని ఆ రాతను తరవాతివారు ‘జైబ్’ అని చదువుకున్నారు. జైబ్ అంటే వస్త్రపు మడత, ఒడి గనుక లాటిన్‌లో అది ‘సైనస్’ అయింది. నేడు పిల్లలు వల్లించే ‘సైన్’ వేషం మార్చుకొని తిరిగివచ్చిన మన వింటినారే.

ఇక రాకర్ ఆర్మ్‌ను చూడండి. దాని కొస గీసేది చాపం. వాల్వ్ దిగే దూరం, అంటే లిఫ్ట్, జ్యా. కొసనున్న రోలర్ వాల్వ్ స్టెమ్ (కాడ) తలపై అడ్డంగా జరిగే దూరం శరం. వాల్వ్ సగం దిగినప్పుడు, ఇరుసు నుంచి రోలర్ నడిమికి గీసిన గీత స్టెమ్‌కు లంబంగా ఉంటే శరం అత్యల్పమవుతుంది. ఆ గీత 40 మి.మీ., లిఫ్ట్ 12 మి.మీ. అనుకుంటే రోలర్ జరిగేది సుమారు 0.45 మి.మీ.; వాల్వ్ మూసి ఉన్నప్పుడే లంబం వచ్చేస్తే అది 1.84 మి.మీ., దాదాపు నాలుగింతలు. ఆ పక్కతోపుడుకే వాల్వ్ గైడ్, అంటే కాడ జారే గొట్టం, అరుగుతుంది. స్టడ్‌పై, అంటే నిలువు మరబోల్టుపై, కూర్చునే రాకర్లలో దీన్ని పుష్‌రాడ్ పొడవుతో సరిచేస్తారు: పొడవు మార్చుకోగల కొలత రాడ్ పెట్టి, స్టెమ్ తలకు రంగు పూసి, ఇంజిన్‌ను చేత్తో తిప్పి, చార సన్నగా పడిందా అని చూస్తారు. షాఫ్టుకు అమర్చిన రాకర్లలో ఇరుసు కదలదు గనుక స్టాండ్ల కింద షిమ్‌లు (పలుచని రేకు బిళ్ళలు) పెట్టవలసిందే. అక్కడ మీ వాక్యం భాషలోనే కాదు, విషయంలోనూ తప్పుతుంది.

పొడుగు, పొడవు రెండూ సాధువులే. రాతలో నేను పొడవు అంటాను. రాకర్ ఆర్మ్‌ను ‘ఊగుడు బాహువు’ మాత్రం చేయకండి. అది మెకానిక్కుకూ తెలియదు, పండితుడికీ తెలియదు. ‘రాకర్ ఆర్మ్ పొందిక కుదర్చాలి’ అన్నది నా చెవికి ఇంపు. అయితే చాపమూ జ్యా శరమూ మూడూ అక్కడే ఉన్నాయి గనుక మీరు జ్యామితి అనే ఉంచితే నేను పట్టుబట్టను. ‘సెట్ చేయాలి’ని మాత్రం ‘కుదర్చాలి’గా మార్చండి.