బ్రౌజర్‌లో ఆడే చిన్న ఆటలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

సొంతంగా చిన్న ఆటలు తయారుచేసి, వాటిని బ్రౌజర్‌లోనే ఆడించాలనుకునేవారి నుంచి ఈ శీర్షికకు ఇటీవల చాలా ప్రశ్నలు వచ్చాయి. ఇన్‌స్టాల్ చేసుకోవలసిన పని లేకుండా, లింకు నొక్కగానే మొదలయ్యే ఆటకు ఒక గొప్ప సౌలభ్యం ఉంది: తయారైన రోజే అది ఆడేవారి చేతికి చేరగలదు. కింది జవాబులన్నీ ఆ సౌలభ్యాన్ని పూర్తిగా వాడుకోవడం గురించే.

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. నా దగ్గర 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ ఉంది. ఇరవై లెవెల్స్, ఐదు పాత్రలు, పెద్ద కథ ఉన్న ఆటను మొదలుపెట్టి ఏడాది దాటినా మొదటి లెవెల్ కూడా పూర్తికాలేదు. ఆట తయారుచేయడానికి వాడే ఇంజిన్ అనే సాఫ్ట్‌వేరును మారిస్తే పని ముందుకు సాగుతుందా? – ఒక విద్యార్థి, ఒంగోలు

జవాబు: ఇంజిన్ మారిస్తే కొత్త ఇంజిన్ నేర్చుకోవడానికి మరికొన్ని నెలలు పడుతుంది, ఆట మాత్రం ఉన్నచోటే ఉంటుంది. మార్చవలసింది ఆట పరిమాణాన్ని. 2014 మార్చిలో గాబ్రియేలే చిరుల్లి అనే 19 ఏళ్ల ఇటలీ యువకుడు ఒక వారాంతంలో తయారుచేసిన 2048 ఆటను గమనించండి. నాలుగు అడ్డవరుసలు, నాలుగు నిలువువరుసల గళ్లు, నాలుగు దిక్కుల కదలిక, ఒకే అంకె ఉన్న రెండు పలకలు తగిలితే కలిసిపోవడం అనే ఒక్క నియమం, అంతకుమించి అందులో ఏమీ లేదు. ఆ ఒక్క నియమమే లక్షలమందిని గంటల తరబడి కూర్చోబెట్టింది. ఆయన తన కోడును అందరికీ తెరిచి ఉంచారు కాబట్టి మీరు దాన్ని నేటికీ చదివి నేర్చుకోవచ్చు.

చిన్న ఆట చేస్తే పెద్ద ఆట కల వదులుకున్నట్లేనని అనుకోవద్దు. 2018లో వచ్చి పేరుపొందిన సెలెస్ట్ అనే ఆటకు మొదటి రూపం, 2015లో ఇద్దరు కలిసి, చిన్న ఆటల తయారీకి వాడే పికో-8 అనే సాఫ్ట్‌వేరు మీద నాలుగు రోజుల్లో చేసిన చిన్న ఆట. పికో-8లో తెర 128 చుక్కల వెడల్పు, 128 చుక్కల ఎత్తు మాత్రమే ఉంటుంది, రంగులు పదహారు. ఏది ముఖ్యమో, ఏది అలంకారమో తేల్చుకోక తప్పని పరిస్థితిని ఆ పరిమితి కల్పించింది. 2012 నుంచి ఏటా ఆగస్టు 13న మొదలై సెప్టెంబరు 13న ముగిసే జేఎస్13కే పోటీ నియమం ఇంకా కఠినమైనది: కోడు, బొమ్మలు, శబ్దాలు అన్నీ కలిసి 13 కిలోబైట్ల జిప్ ఫైలులో ఇమడాలి. మనం వాట్సాప్‌లో పంపుకునే ఒక్క ఫొటో దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది. అయినా ఆ పోటీకి ఏటా మంచి ఆటలు వస్తూనే ఉన్నాయి.

మీ ల్యాప్‌టాప్‌కు బ్రౌజర్‌లో నడిచే జావాస్క్రిప్ట్ భాష, బొమ్మలు గీయడానికి బ్రౌజరే ఇచ్చే కాన్వాస్, ఒక మామూలు టెక్స్ట్ ఎడిటర్ చాలు. కోడు రాయడం ఇంకా అలవాటు కాకపోతే బ్రౌజర్‌లోనే నడిచే జీడెవలప్‌తో మొదలుపెట్టవచ్చు. నడిచి, మాట్లాడి, కథ తెలుసుకునే ఆటలకు బిట్సీ, చదువుతూ దారి ఎంచుకునే కథలకు ట్వైన్, పెట్టెలు నెట్టే చిక్కుముడులకు పజిల్‌స్క్రిప్ట్ ఉన్నాయి. గోడో మంచి ఇంజినే గాని, బ్రౌజర్ కోసం ఎగుమతి చేస్తే ఖాళీ ఆట కూడా కొన్ని మెగాబైట్లు డౌన్‌లోడ్ కావలసి ఉంటుంది కాబట్టి నెమ్మది నెట్‌వర్క్ ఉన్నవారు ఆట మొదలయ్యేలోపే వెళ్లిపోతారు. మీ పెద్ద ఆటలో మీకు అన్నిటికన్నా ఇష్టమైన ఒక్క పనిని, దూకడమో దాక్కోవడమో విసరడమో, తీసుకొని దానితోనే రెండు నిమిషాల ఆట చేయండి. కథను నోటుపుస్తకంలో భద్రంగా ఉంచుకోండి.

ప్రశ్న: పిల్లల కోసం తెలుగు పదాలను ఊహించే ఆట చేస్తున్నాను. పదాన్ని గళ్లలో పెడితే ఒత్తులు, గుణింతాలు విడిపోయి వేర్వేరు గళ్లలో పడుతున్నాయి. ఇంగ్లీషు ఆటల కోడు తెలుగుకు పనికిరాదా? – ఒక ఉపాధ్యాయురాలు, వరంగల్

జవాబు: పనికివస్తుంది, కాని అక్షరాలను లెక్కించే భాగాన్ని పూర్తిగా తిరిగి రాయాలి. మనకు ‘స్త్రీ’ ఒక్క అక్షరం. కంప్యూటర్లలో అన్ని లిపులకూ సంకేతాలు ఇచ్చే యూనికోడ్ ప్రమాణం దాన్ని స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అనే ఆరు సంకేతాలుగా దాచుకుంటుంది. ‘విద్యార్థి’లో అక్షరాలు మూడు, సంకేతాలు పది. జావాస్క్రిప్ట్‌లో పదం పొడవు అడిగితే వచ్చేది ఈ సంకేతాల సంఖ్యే. కోడు ఆ సంకేతాల దగ్గరే పదాన్ని నరుకుతుంది కాబట్టి మీ గళ్లలో ఒత్తులు ఒంటరిగా నిలబడుతున్నాయి.

బ్రౌజర్లలో పదాన్ని అక్షరాలుగా విడదీసే ఇంటల్ సెగ్మెంటర్ అనే సదుపాయం ఇప్పుడు అన్నిటా ఉంది. ఫైర్‌ఫాక్స్‌కు మాత్రం అది 2024లోనే వచ్చింది. పైగా, తెలుగు సంయుక్తాక్షరాన్ని ఒకే ముక్కగా చూడాలన్న నియమం యూనికోడ్‌లోకి 2023లో 15.1 సంచికతో చేరింది. అందువల్ల పాత ఫోన్లలో ‘క్ష’ రెండు ముక్కలు కావచ్చు. బడిపిల్లలు ఆడేది ఎక్కువగా ఇంట్లోవారి పాత ఫోన్లలోనే కనుక, మీరు సొంతంగా చిన్న నియమం రాసుకోవడమే నయమని నా అభిప్రాయం. ఒక హల్లు, దాని వెనుక పొల్లుతో కలిసి వచ్చే హల్లులు ఎన్నైనా, ఆపై గుణింతపు గుర్తు ఉంటే అది, ఆపై సున్న గాని విసర్గ గాని ఉంటే అది, ఇవన్నీ కలిపి ఒక అక్షరం. పదం మొదట్లోనో మధ్యలోనో వచ్చే అచ్చు, దాని వెనుక సున్న ఉంటే దానితో సహా, ఒక అక్షరం. చివర పొల్లుతో ఆగే హల్లు కూడా ఒక అక్షరమే, ‘బస్’ అంటే రెండు గళ్లు. మన గళ్లనుడికట్టు పాటించే లెక్క ఇదే కాబట్టి పెద్దలకు కూడా వింతగా తోచదు.

ఇంకో రెండు చిక్కులు కంటికి కనిపించవు. ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటల్లో ఒత్తు పడకుండా ఆపేందుకు కనిపించని ఒక సంకేతం ఉంటుంది. అక్షరాలు విడదీసేటప్పుడు దాన్ని హద్దుగా వాడుకొని, పదాలు పోల్చేటప్పుడు తీసివేయాలి. ఐత్వం ఒకే సంకేతంగానూ ఉండవచ్చు, ఎత్వం కింద మరో గుర్తు చేర్చిన జంటగానూ ఉండవచ్చు. చూడడానికి రెండూ ఒకటే అయినా కంప్యూటరు వేరనుకుంటుంది. నార్మలైజ్ అనే ఫంక్షన్ గుండా పంపితే ఆ తేడా పోతుంది.

పదాన్ని ఎలా టైప్ చేయించాలన్నది కూడా ఆలోచించండి. తెలుగు అక్షరాలన్నిటినీ తెరమీద బొత్తాలుగా పేరిస్తే చిన్న ఫోనులో వేలు ఆనదు. ఫోనులో ఉన్న కీబోర్డుతోనే టైప్ చేయనివ్వండి. అయితే ఆండ్రాయిడ్ కీబోర్డులు ఏ మీట నొక్కారో సరిగా చెప్పవు కాబట్టి, మీటలను వినడం మానేసి, టైప్ చేసే పెట్టెలోని పదం మారినప్పుడల్లా దాన్ని చదివే పద్ధతిలో కోడు రాయండి.

ఆట నియమంలో ఒక మార్పు సూచిస్తాను. ఇంగ్లీషులో గడి సరైనదో కాదో చెబితే చాలు, అక్షరాలు ఇరవై ఆరే. తెలుగులో ‘కా’ అని ఊహించినప్పుడు జవాబు ‘కి’ అయితే, హల్లు సరిపోయింది గుణింతం మారాలి అని చెప్పే ప్రత్యేకమైన రంగు ఇవ్వండి. అది లేకపోతే పిల్లలు గుడ్డిగా వెతకవలసి వస్తుంది. ఉంటే గుణింతం పట్టిక మనసులో తిప్పుకుంటూ ఆడతారు, మీరు కోరుకున్నది అదే కదా. ఫాంటును ఆటతోపాటే పంపండి. నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర వంటివి స్వేచ్ఛా లైసెన్సుతో దొరుకుతాయి.

ప్రశ్న: నా కంప్యూటరులో చక్కగా నడిచిన ఆట, ఇచ్ డాట్ ఐఓ అనే ఆటల సైటులో పెట్టగానే ఖాళీ తెర చూపిస్తోంది. – ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ముందు జిప్ ఫైలు తెరిచి చూడండి. ఇండెక్స్ అనే హెచ్‌టీఎంఎల్ ఫైలు జిప్‌లో పైనే ఉండాలి, మరో ఫోల్డరు లోపల ఉండకూడదు. తరువాత ఫైళ్ల పేర్లు సరిచూడండి. విండోస్‌కు పెద్దబడి, చిన్నబడి ఇంగ్లీషు అక్షరాల తేడా పట్టదు, అక్కడి సర్వరుకు పడుతుంది. బొమ్మ పేరులో ఒక్క అక్షరం పెద్దబడి అయినా ఆ బొమ్మ రాదు, దానికోసం ఎదురుచూసే ఆట మొదలుకాదు. విప్పిన తరువాత ఫైళ్లు వెయ్యికి, మొత్తం 500 మెగాబైట్లకు మించకూడదన్న పరిమితి కూడా ఉంది గాని, చిన్న ఆట అక్కడిదాకా పోదు. ఇకముందు ఫైలును నేరుగా తెరిచి పరీక్షించకుండా, పైథాన్‌తో వచ్చే చిన్న సర్వరును మీ కంప్యూటరులోనే నడిపి, దాని ద్వారా ఆడి చూస్తే కొన్ని తప్పులు ముందే బయటపడతాయి. విండోస్‌లో నడిపితే పెద్దబడి, చిన్నబడి తేడాను మాత్రం అదీ పట్టుకోదు, పేర్లను మీరే సరిచూసుకోవాలి.

ప్రశ్న: నా ఆటలో బంతి మా చెల్లెలి కొత్త ఫోనులో రెట్టింపు వేగంతో పరుగెడుతోంది, శబ్దం అసలు రావడం లేదు. లోపం ఫోనుదా? – ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: ఫోనుది కాదు. మీ తెర సెకనుకు 60 సార్లు, ఆ ఫోను తెర 120 సార్లు మారుతోంది. తెర మారినప్పుడల్లా బంతిని ఇన్ని చుక్కలు జరపమని మీరు రాసి ఉంటారు. కిందటిసారి నుంచి ఎంత సమయం గడిచిందో చూసి, వేగాన్ని ఆ సమయంతో గుణించి జరపండి. ఆడేవారు వేరే ట్యాబ్‌కు వెళ్లి తిరిగివస్తే ఆ సమయం చాలా పెద్దదై బంతి గోడ దాటి పోతుంది కనుక, దానికి సెకనులో ఇరవయ్యో వంతు వంటి గరిష్ఠ హద్దు పెట్టండి. ఇక శబ్దం సంగతి: ఆడేవారు తెరను ఒకసారైనా తాకేదాకా బ్రౌజర్లు శబ్దాన్ని ఆపి ఉంచుతాయి. ఆట మొదట్లో ‘ఆడండి’ అనే బొత్తం పెట్టి, దాన్ని నొక్కినప్పుడే శబ్దాన్ని ప్రారంభించండి.

ప్రశ్న: ఆట పూర్తిచేసి లింకు అన్ని గ్రూపుల్లో పెట్టాను. ‘సూపర్’ అన్నవారే తప్ప రెండోసారి ఆడినవారు లేరు. ఏం చేయాలి? – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ‘సూపర్’ అన్నది మీమీద అభిమానం, ఆట గురించి వారు ఇంకా ఏమీ చెప్పలేదు. ఆటను ఎన్నడూ చూడని ఒకరి చేతికి ఫోను ఇచ్చి, పక్కన కూర్చొని, నోరు విప్పకుండా చూడండి. ఎక్కడ నొక్కాలో వెతుక్కున్న చోటు, విసుగ్గా నిట్టూర్చిన చోటు, మీకు చెప్పాలనిపించినా ఆపుకున్న మాట, వీటిని రాసుకోండి. మీరు ఆపుకున్న ప్రతి మాటా ఆటే చెప్పవలసిన మాట. దాన్ని సరిదిద్ది, ఈసారి మరొకరికి ఇవ్వండి, ఎందుకంటే మొదటివారికి ఆట తెలిసిపోయింది.

పంచుకోవడం ఆటలోనే భాగం కావాలి. జోష్ వార్డిల్ తయారుచేసిన, ఇంగ్లీషు పదాన్ని ఊహించే వర్డిల్ ఆటను 2021 నవంబరు 1న ఆడినవారు 90 మంది. రెండు నెలలు తిరిగేసరికి వారు మూడు లక్షలయ్యారు. ఫలితాన్ని రంగుగళ్లుగా చేత్తో టైప్ చేసి పంచుకుంటున్న ఆటగాళ్లను చూసి, ఆయన డిసెంబరులో అందుకు ఒక బొత్తం చేర్చారు. ఆ గళ్లలో జవాబు ఉండదు, ఆడినవారి అవస్థ మాత్రం ఉంటుంది, అందుకే చూసినవారికి తామూ ప్రయత్నించాలనిపించింది. మీ ఆటలో చెప్పుకోదగ్గ ఫలితం ఏమిటో వెతకండి. స్కోరు అంకె ఒక్కటే అయితే అది ఎవరినీ కదిలించదు.

పేజీకి ముఖచిత్రం తప్పక పెట్టండి, ఇచ్ దీనికి 630 చుక్కల వెడల్పు, 500 చుక్కల ఎత్తు సూచిస్తుంది. ఆట మీ సొంత సైటులో ఉంటే, వాట్సాప్‌లో లింకు పక్కన బొమ్మ కనిపించేలా పేజీ తలభాగంలో ఆ బొమ్మ చిరునామా రాయండి. ఇవన్నీ చేశాక జామ్‌లకు, అంటే నిర్ణీత గడువులో ఆట తయారుచేసే కార్యక్రమాలకు, వెళ్లండి. 2002 నుంచి జరుగుతున్న లూడమ్ డేర్‌లో 48 గంటల్లో ఆట చేస్తారు, తరువాత ఒకరి ఆటను మరొకరు ఆడి అభిప్రాయం రాస్తారు. మీరు ఇతరుల ఆటలు శ్రద్ధగా ఆడి, పనికివచ్చే నాలుగు మాటలు రాస్తే వారు మీ ఆటకూ వస్తారు. గ్రూపుల్లో పదిసార్లు లింకు పెట్టడం కన్నా ఇది ఎక్కువ ఫలితం ఇస్తుంది.

ప్రశ్న: ఇక్కడి మా పిల్లల కోసం పులి-మేక ఆటను బ్రౌజర్‌లో చేయాలని ఉంది. హక్కులు ఎవరివైనా ఉంటాయా? ఒక సినిమా పాట నేపథ్యంలో పెట్టవచ్చా? – ఒక తండ్రి, డాలస్

జవాబు: మూడు పులులు, పదిహేను మేకలు, ఇరవై మూడు కూడళ్ల ఆ పటం ఏ ఒక్కరి సొత్తూ కాదు, నిశ్చింతగా చేయండి. ఇతరులు గీసిన బొమ్మలు, రాసిన కోడు మాత్రం అనుమతి లేకుండా తీసుకోకూడదు. సినిమా పాట వద్దు, ఉచితంగా పంచే ఆటకైనా హక్కుదారుల అనుమతి కావాలి. హక్కులు వదులుకొని ఇచ్చిన శబ్దాలు, బొమ్మలు ఓపెన్‌గేమ్‌ఆర్ట్, ఫ్రీసౌండ్ వంటి చోట్ల ఉన్నాయి, ఒక్కొక్కదాని లైసెన్సు చదివి తీసుకోండి. పులుల వైపు కంప్యూటరు ఆడేలా చేయడానికి తొందరపడవద్దు. ఒకే ఫోనులో తాత, మనవరాలు ఎదురెదురుగా ఆడగలిగితే మొదటి రూపానికి అది చాలు.

ప్రశ్న: కాలేజీ రోజుల్లో ఫ్లాష్‌లో చేసిన ఆట ఫైలు దొరికింది. దాన్ని మళ్లీ ఆడించే దారి ఉందా? – ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ఉంది. అడోబీ 2020 డిసెంబరు 31తో ఫ్లాష్ ప్లేయరుకు మద్దతు ఆపేసింది, 2021 జనవరి 12 నుంచి ప్లేయరే ఆ ఫైళ్లను నడపడం మానేసింది. రఫుల్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఇప్పుడు వాటిని మామూలు బ్రౌజర్‌లో నడుపుతుంది. దాని జావాస్క్రిప్ట్ ఫైళ్లను మీ ఆట ఫైలుతోపాటు పేజీలో పెడితే సరిపోతుంది. ఫ్లాష్ ఆటల కోడు రాసే భాష అయిన యాక్షన్‌స్క్రిప్ట్ 1, 2లలో రాసిన ఆటలు దాదాపుగా బాగానే నడుస్తాయి, 3లో రాసినవాటిలో కొన్ని చిక్కులు రావచ్చు. ఎడిట్ చేయడానికి వీలైన మూల ఫైలు కూడా దొరికితే దానికి రెండు నకళ్లు తీసి, ఒకటి వేరే డిస్కులో దాచండి.