అన్నదమ్ములు దాయాదులవుతారా?

ప్రశ్న: మణిరత్నం తీసిన 'నవాబ్' సినిమాను ఈమధ్య ఇంటిల్లిపాదీ కూర్చుని మళ్లీ చూశాం. తండ్రి కుర్చీ కోసం ముగ్గురు కొడుకులు కొట్టుకుంటారు. దీన్ని 'దాయాదుల పోరు' అని నేనంటే, మా ఆయన ఒప్పుకోలేదు. పెదనాన్న, చిన్నాన్నల పిల్లలే దాయాదులు, ఒక తల్లి బిడ్డలు కారు అన్నారు. పోనీ 'వారసత్వ పోరు' అందామంటే అది దుష్టసమాసమని మా మామగారు కొట్టేశారు. టీవీల్లోనేమో 'దాయాధి' అని వేస్తున్నారు. ఇందులో ఏది ఒప్పో, ఏది తప్పో చెప్పగలరు. - ఒక పాఠకురాలు, చెన్నై

సమాధానం: అమ్మా, మీరూ మీ వారూ ఇద్దరూ కొంత నెగ్గారు, కొంత ఓడారు. మీ మామగారి కేసు విడిగా విచారించాలి.

ముందు ఆ సినిమా చూడనివారికి నాలుగు మాటలు. 2018 సెప్టెంబరు 27న తమిళంలో 'చెక్క చివంద వానం'గానూ, తెలుగులో 'నవాబ్'గానూ వచ్చింది. పెద్ద దాదాగా (తమిళంలో అతని పేరు సేనాపతి) ప్రకాశ్ రాజ్, ఆయన భార్యగా జయసుధ వేశారు. ఆ దంపతుల మీద హత్యాప్రయత్నంతో కథ మొదలవుతుంది. పెద్దకొడుకు తండ్రి దగ్గరే ఉంటాడు, రెండోవాడు దుబాయిలో, మూడోవాడు సెర్బియాలో. దాడి చేసిందెవరన్న అనుమానం తిరిగి తిరిగి ఇంట్లోకే వస్తుంది. తమిళ పేరుకు అర్థం ఎర్రగా కందిన ఆకాశమని. ఆ 'చివ'లో ఉన్న ఎరుపే మన చెంగావిలో, చెంగలువలో ఉన్న 'చెం'. తెలుగు పేరులో ఆ ఎరుపు పోయింది గానీ తెలిసి పెట్టారో తెలియక పెట్టారో, వేరే చమత్కారం చేరింది. అరబ్బీలో నాయబ్ అంటే ఒకరి తరఫున పని చూసేవాడు, ప్రతినిధి. దాని బహువచనానికి గౌరవార్థం తగిలి నవాబు అయింది. తెలంగాణలో నాయబ్ తహసీల్దారు అన్న మాట విన్నవాళ్లకు ఇది వింతగా ఉండదు. అంటే నవాబు అసలు యజమాని కాదు, యజమాని తరఫువాడు. తండ్రి తరఫున చూసుకోవాల్సిన ముగ్గురు తామే యజమానులం కావాలని తన్నుకునే కథకు ఇంతకంటే మంచి పేరు వెతికినా దొరకదు.

ఇక మీ దాయాదులు. అమరకోశం అనే సంస్కృత నిఘంటువు కూర్చిన అమరసింహుడు నానార్థాల భాగంలో ఒక్క ముక్కలో తేల్చేశాడు: 'దాయాదౌ సుతబాంధవౌ'. దాయాద శబ్దానికి కొడుకనీ, చుట్టమనీ రెండర్థాలు. కొడుకే దాయాదుడైనప్పుడు ఆ కొడుకులు ఒకరికొకరు దాయాదులు ఎందుకు కారు? దాయం అంటే పంచుకోదగిన సొత్తు, దాన్ని తీసుకునేవాడు దాయాదుడు. తీసుకునేవాడు కాదు, తినేవాడు అని చెప్పేవారూ ఉన్నారు. వ్యాకరణం సంగతి ఎలా ఉన్నా, మండల ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లకు ఈ రెండో వ్యుత్పత్తే బాగా నచ్చుతుంది. పాచికలాటలో పడే దాయం వేరే సంగతి, ఇక్కడ అక్కర్లేదు.

నిఘంటువు మీ పక్షం. వాడుక మాత్రం మీ వారి పక్షం. తెలుగు పల్లెల్లో దాయాది అన్నా, పాలివాడన్నా, తెలంగాణలో పాలోళ్లన్నా గుర్తుకొచ్చేది మైల పట్టే ఇంటివాళ్లు, పిల్లనిచ్చి పుచ్చుకోవడం కుదరనివాళ్లు. పాలు అంటే వాటా, తమిళుల 'పంగాళి' కూడా అచ్చంగా ఇదే, పంగు అంటే వాటా. ఒకే పొయ్యి మీద వంట సాగినంతకాలం అన్నను ఎవరూ మా పాలోడు అనరు. గోడ లేచి, రెండు పొయ్యిలై, రెండిళ్లలో పిల్లలు పెద్దవాళ్లయ్యాక ఆ పిల్లలు ఒకరికొకరు దాయాదులవుతారు. కోపం వచ్చినప్పుడు మాత్రం సొంత తమ్ముణ్ణి కూడా 'నా తమ్ముడా వాడు, దాయాది' అంటారు. అంటే ఈ మాటలో చుట్టరికం ఎంత ఉందో, కక్ష కూడా అంతే ఉంది.

ఈ కక్ష దగ్గర కాసేపు ఆగుతాను, విసుక్కోకండి. శత్రువుకు పేరు పెట్టాల్సి వచ్చినప్పుడు మన పూర్వులు ఊరి బయటికి వెళ్లలేదు. ఇంట్లోనే వెతుక్కున్నారు. పాణిని అష్టాధ్యాయి నాలుగో అధ్యాయం మొదటి పాదంలో 144వ సూత్రం 'భ్రాతుర్వ్యచ్చ'. భ్రాతృ శబ్దానికి ప్రత్యయం చేరి భ్రాతృవ్యుడు అవుతుంది, అన్నదమ్ముల కొడుకు అని అర్థం. సరే, ఇందులో వింతేముంది? ఆ వెంటనే 145వ సూత్రం చూడండి: 'వ్యన్ సపత్నే'. అదే భ్రాతృవ్య శబ్దం శత్రువనే అర్థంలో కూడా వస్తుందట! రూపంలో వెంట్రుకవాసి తేడా లేదు. తేడా అంతా స్వరంలోనే. మొదటి అక్షరం మీద ఉదాత్తం (హెచ్చు స్వరం) పలికితే శత్రువు, చివర స్వరితం (హెచ్చి దిగే స్వరం) పలికితే అన్న కొడుకు. పలకడంలో ఆ స్వరాలు పోయాయి, ఇప్పుడు విన్నవాడికి ఎవరు ఎవరో తెలియదు. తమాషాగా పంపకాలయ్యాక నిజంగా జరిగేదీ అదే. అమరుడు కూడా 'భ్రాతృవ్యౌ భ్రాతృజద్విషౌ' అని ఆ రెండర్థాలనూ పక్కపక్కనే కూర్చోబెట్టాడు. యజ్ఞ గ్రంథాల్లోనైతే భ్రాతృవ్యుడంటే దాదాపు ఎప్పుడూ శత్రువే, అతణ్ణి గెలవడానికే సగం క్రతువులు.

ఆ సూత్రంలోని సపత్నుడి కథ ఇంకా ఘోరం. సపత్ని అంటే ఒకే మగడికి మరో భార్య, మన సవతి ఆ మాట నుంచి దిగివచ్చిందే. సపత్నుడంటే శత్రువు. ఈ రెంటికీ చుట్టరికం చెప్పిన వ్యాఖ్యాతలున్నారు, సవతిలాంటివాడు గనుక సపత్నుడని. తెలుగులో 'దాయ' అన్న మాటనే తీసుకోండి, బ్రౌన్ నిఘంటువులో జ్ఞాతి (అంటే దాయాదే) అనీ ఉంటుంది, శత్రువనీ ఉంటుంది. భర్తృహరి 'జ్ఞాతిశ్చేదనలేన కిం' అన్నాడు, జ్ఞాతి ఉండగా వేరే నిప్పెందుకని. ఏనుగు లక్ష్మణకవి దాన్ని ఇంకా కుదించి 'జ్ఞాతి హుతాశనుండు' అని రెండు మాటల్లో తెలుగు చేశాడు. జ్ఞాతి అంటే అసలు అర్థం తెలిసినవాడనో, బాగా ఎరిగినవాడనో చెప్పుకోవచ్చు. మన రహస్యాలు ఎరిగినవాడే మనల్ని కాల్చగలడని ఆ కవికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఇప్పటివాళ్లు దీన్నంతా 'ఫ్యామిలీ ఇష్యూస్' అని ఒక్క డబ్బాలో వేసి మూతపెడుతున్నారు. ఇన్ని మాటలున్న భాషలో పుట్టి అంత దరిద్రం మనకెందుకో నాకు అర్థం కాదు.

పాణినిని తలుచుకుంటే నాకు వెంటనే మన మూలఘటిక కేతన గుర్తొస్తాడు. ఆయన మీద నాకు కాస్త పక్షపాతం ఉంది, దాచుకోను. 13వ శతాబ్దివాడు, తిక్కనకు దశకుమారచరిత్ర అంకితమిచ్చి అభినవదండి అనిపించుకున్నాడు. తెలుగుకు తెలుగులో మొదటి వ్యాకరణం, ఆంధ్రభాషాభూషణం, ఆయనదే. అదే చేత్తో యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరను విజ్ఞానేశ్వరీయం పేరుతో పద్యాల్లోకి దింపాడు. మాటల పంపకమూ ఆస్తుల పంపకమూ ఒకే మనిషికి పట్టడం ఊరికే జరగలేదనిపిస్తుంది. సంధి చేసినవాడికే విభాగం చేయడం తెలుస్తుంది కాబోలు.

మితాక్షరలో దాయానికి చెప్పిన లక్షణం ఎంత గట్టిదంటే, దాదాపు తొమ్మిది వందల ఏళ్ల తర్వాత కూడా కోర్టుల్లో అదే వినపడుతుంది. సొత్తుగలవాడితో చుట్టరికం అన్న ఒక్క కారణంతో ఇంకొకరికి సొత్తయ్యేదే దాయం. అది రెండు రకాలు. అప్రతిబంధం, అంటే అడ్డులేనిది: తండ్రి తాతల సొత్తు మీద కొడుకుకూ మనవడికీ పుట్టుకతోనే వచ్చేది. రెండోది సప్రతిబంధం, అడ్డు ఉన్నది: సొత్తుగలవాడికి పిల్లలు లేకుండా పోతేనే అన్నదమ్ములకో, పినతండ్రికో వచ్చేది. బెంగాలులో జీమూతవాహనుడి దాయభాగం పుట్టుకతో హక్కును ఒప్పుకోదు, తండ్రి పోయాకే ఏదైనా అంటుంది. మన ఆంధ్రదేశమూ తమిళదేశమూ మితాక్షర పద్ధతిలోవే. ఇప్పుడు మీ సినిమాను ఈ రెండు మాటలు పెట్టుకుని మళ్లీ చూడండి. ముగ్గురూ అప్రతిబంధ దాయం ఉన్న కొడుకులుగానే మొదలవుతారు. పోనుపోను ఒక్కొక్కడి లెక్కలో మిగతా ఇద్దరూ 'ప్రతిబంధాలు' అయిపోతారు. ఆ ప్రతిబంధాన్ని శాస్త్రం కాలానికి వదిలేసింది, వీళ్లు తుపాకీకి అప్పగించారు.

అయినా ఒక చిక్కుంది. దాయమన్నది పంచుకునేది. అరవై ఎకరాలుంటే తలా ఇరవై వస్తాయి, తగ్గినా ఎంతోకొంత వస్తుంది. కుర్చీ అలా తెగదు. పైగా దాదాగిరీ మీద ఏ స్మృతీ ఎవరికీ హక్కివ్వలేదు. అందుకని ఆ కథకు దాయం కంటే వారసత్వమే దగ్గరి మాట. ఒకడు పోయాక అతని స్థానంలో నిలబడేవాడు వారసుడు. 2023 సంక్రాంతికి విజయ్ 'వారిసు' తెలుగులో 'వారసుడు'గా వచ్చింది, అక్కడా తండ్రి వ్యాపారానికి పెద్ద ఎవరన్నదే గొడవ. అరబ్బీ వారిస్ తమిళంలో వారిసుగా ఆగింది. మనం డుమంత్రం వేసి మగవాణ్ణి చేశాం, 'రాలు' చేర్చి వారసురాలిని కూడా తెచ్చుకున్నాం. ఎవరూ లేనివాణ్ణి లావారసు అన్నాం. ఇంకా మురిపెం తీరక సంస్కృతం నుంచి 'త్వం' తెచ్చి అతికించాం.

మీ మామగారికి కోపం అక్కడే. అరబ్బీ మాటకు సంస్కృత ప్రత్యయం, దాని పక్కన తెలుగు 'పోరు'. వ్యాకరణం పుస్తకం తెరిస్తే ఆయన మాట కొట్టెయ్యలేం, ఇలాంటి కలగూర సమాసాలకు వైరిసమాసాలని పేరే ఉంది. అయితే అన్నదమ్ముల పగ గురించి చెప్పడానికి వైరిసమాసం పనికిరాదంటే నేను ఒప్పుకోను. కేతన మాటే వారికి వినిపించండి:

తల్లి సంస్కృతంబె యెల్ల భాషలకును
దానివలనఁ గొంత గానఁబడియెఁ
గొంత తాన కలిగె నంతయు నేకమై
తెనుఁగుబాస నాఁగ వినుతికెక్కె

సంస్కృతం అన్ని భాషలకూ తల్లి అన్న మొదటి పాదాన్ని నేటి భాషాశాస్త్రం ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను. నాకు కావలసింది 'అంతయు నేకమై' అన్న ముక్క. కొంత పిత్రార్జితం, కొంత స్వార్జితం, రెండూ కలిసిపోయాక ఇది ఎవరిదని అడిగితే చెప్పేవాడెవడు? ఆ తర్వాత నవాబుల కాలంలో ఇంకో వాటా చేరింది. హక్కు, దావా, వకీలు, జప్తు అన్నీ దాని బాపతే. ఆఖరికి ఆస్తి తగాదాలోని తగాదా కూడా ఉర్దూ తకాజా నుంచి వచ్చింది. అక్కడ అర్థం బాకీ తీర్చమని అడగడం, మన దగ్గరికొచ్చేసరికి అడగడం పోయి తిట్టుకోవడమే మిగిలింది. వీటన్నిటినీ వెలివేసి 'దాయ కలహం' అనే రాస్తామంటే రాయవచ్చు, చదివేవాళ్లుండాలి కదా. అందుకని 'వారసత్వ పోరు' నా లెక్కలో చెల్లుతుంది. పద్యంలో మాత్రం వాడమని చెప్పను.

మీరు అడగకపోయినా ఒక మాట. భారత్-పాకిస్తాన్ క్రికెట్ మ్యాచ్ అనగానే మన పత్రికలు 'దాయాదుల సమరం' అని పెద్ద అక్షరాలతో వేస్తాయి. దాన్ని వెక్కిరించేవాళ్లున్నారు గానీ నేను వారిలో లేను. 1947లో జరిగింది అక్షరాలా పంపకమే. ఆస్తుల్లోనూ అప్పుల్లోనూ పాకిస్తాన్ వాటా 17.5 శాతమని లెక్కతేల్చి మరీ విడిపోయారు. పాలు పంచుకున్నవాళ్లు పాలివాళ్లే. అదే మాటను ఆస్ట్రేలియాతో మ్యాచ్‌కు కూడా వాడితే మాత్రం చెవి మెలిపెట్టాలి.

ఆడపిల్లల సంగతి దగ్గరే నాకూ నిర్ణయం తెగడం లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచీ, తమిళనాడులో 1989 మార్చి 25 నుంచీ ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కూతురికీ పుట్టుకతో వాటా ఉంది, 2005లో దేశమంతటికీ అదే చట్టమైంది. అయితే చట్టం వచ్చేనాటికి పెళ్లయిపోయిన కూతుళ్లను మన చట్టమూ తమిళుల చట్టమూ పక్కన పెట్టాయి. దాయం తీసుకునేది దాయాది అయినప్పుడు చెల్లెలూ దాయాదే కావాలి. కానీ 'మా చెల్లెలు మా దాయాది' అని ఎవరైనా అంటే ఇంకా చెవికి ఎబ్బెట్టుగానే ఉంటుంది. చట్టం మారినంత తొందరగా మాట మారదు. ఇంకో తరం ఆగి చూద్దాం.

కాబట్టి మీరు 'దాయాదుల పోరు' అన్నది తప్పు కాదు, మీ వారు అన్నది అలవాటు. నన్ను రాయమంటే ఆ సినిమాకు 'అన్నదమ్ముల వారసత్వ పోరు' అని రాస్తాను. ఇక 'దాయాధి' అన్నది ఒప్పుకోవడానికి ఏ దారీ లేదు. అందులో ఉన్నది తీసుకునేవాడనే అర్థమున్న 'ఆద', 'అధి' కాదు. ద కింద ఒత్తు పెట్టి గంభీరంగా పలికితే మాటకు బలం వస్తుందన్న భ్రమ ఈమధ్య న్యూస్ చదివేవాళ్లకు బాగా ముదిరింది. మీకు తెలిసిన ఛానల్ వాళ్లెవరైనా ఉంటే ఆ ఒత్తు తీసేయమని చెప్పండి.