విశాఖ ఉక్కపోతలో స్వెటర్లు అల్లే అమ్మాయి

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. ఖాళీ దొరికితే చాలు, రంగులు మార్చి మార్చి మామూలు స్వెటర్లు అల్లుతుంది. డిజైన్ చదువుతానంటోంది. మేం సీఎస్‌ఈ అనుకున్నాం. వైజాగ్‌లో స్వెటర్లెవరు కొంటారు? పరీక్షలయ్యేదాకా ఊలు సంచి అటకెక్కించాను. ఫొటో పంపుతున్నాను. ఏది మేలు? - ఒక తల్లి, గాజువాక

జవాబు: అమ్మా, మీ భయం స్వెటర్ గురించి కాదు. రేపు పిల్ల తన కాళ్ల మీద నిలబడుతుందా అని. నిలబడుతుంది, టెన్షన్ పడకండి.

ఫొటో శ్రద్ధగా చూశాను. అల్లిక సాదాది. పనంతా రంగులదే. ముదురు నీలం, ఆవపిండి రంగు చారలు కింద వెడల్పుగా మొదలై పైకొచ్చేసరికి సన్నబడ్డాయి. మెడ దగ్గర రెండే రెండు వరసలు గులాబీ. మూడో వరస వేసుంటే చెడేది. ఒకే వరసలో రెండు రంగులు అల్లితే వాడని దారం వెనకవైపు సాగుతూ బట్ట మందమవుతుంది, మన ఉక్కకు అది తట్టుకోలేం. మీ అమ్మాయి వరసకు ఒక్క రంగే వాడింది. ఫొటోని ఫోన్లో బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూశాను. అప్పుడూ చారలు విడివిడిగానే కనిపించాయి. రంగుల్లో ముదురు, లేత తేడా పట్టుకోగలిగితేనే అలా వస్తుంది. ఇంత ఆలోచన ఉన్న పిల్ల సంచి అటకెక్కించడం తప్పమ్మా. రోజుకో అరగంట అల్లుకుంటే మార్కులు తగ్గవు. ఇవాళే దించి ఇవ్వండి.

ఎవరు కొంటారంటారా? మనం రోజూ వేసుకునే టీషర్టు కూడా అల్లిక బట్టే. తమిళనాడులోని తిరుప్పూర్ బతుకంతా దాని మీదే. ఉన్ని స్వెటర్లకు లుధియానా ఉంది. ఫ్యాషన్ చదువుల జాతీయ సంస్థ నిఫ్ట్ హైదరాబాద్ క్యాంపస్‌లో నిట్‌వేర్ డిజైన్, అంటే అల్లిక దుస్తుల డిజైన్, నాలుగేళ్ల డిగ్రీ. ఎంపీసీ చదివినా అడ్డేమీ లేదు.

నా అనుమానమల్లా ఇప్పుడు వీధికొకటి వెలుస్తున్న ఫ్యాషన్ డిజైనింగ్ కోర్సుల మీద. బ్రోషర్ నిండా ర్యాంప్ షో ఫొటోలే. వెళ్లి అల్లిక మెషిన్ చూపించమనండి. రంగులద్దే ల్యాబ్ ఎక్కడని అడగండి. నీళ్లు నమిలితే ఫీజు కట్టకుండా వచ్చేయండి. చేత్తో అల్లినవి ఇన్‌స్టాలో అమ్మి బతకొచ్చన్న మాటా నేను నమ్మను. ఒక్క స్వెటర్‌కి వారాలు పడుతుంది, ఆ కూలికి తగ్గ ధర ఇచ్చేవాళ్లు తక్కువ.

ఇక సీఎస్‌ఈ. ఆ పిల్లకు కోడింగ్ నచ్చితే మంచి చదువే. పక్కింటివాళ్లు చేర్చారని మాత్రం చేర్చకండి. సీఎస్‌ఈ ఎందుకో మీ ఉత్తరంలో కారణమే కనిపించలేదు, కటువుగా ఉన్నా చెప్పక తప్పదు.

నిఫ్ట్ పరీక్ష రాయించండి, ఈఏపీసెట్ (పాత ఎంసెట్) కూడా రాయనివ్వండి. ఈలోగా ఒకే చారల డిజైన్‌ని కాటన్ దారంతో మూడు రంగుల జతల్లో జానెడు ముక్కలుగా అల్లి, ఏ రంగు ఎందుకు ఎంచుకుందో పక్కన రాసి పెట్టుకోమనండి.