మౌంట్ లెమన్ మీద టెంట్ ఎక్కడ వేసుకోవాలి? పెద్దవాళ్ళతో వెళ్ళొచ్చా?

మీరుండేది అరిజోనాలో, ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో. ఎండ 110 ఫారెన్‌హీట్ దాటింది. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉన్నారు, ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. జులైలో ఒకటి రెండు రాత్రులు టూసాన్ పైన మౌంట్ లెమన్ మీద టెంట్ వేసుకోవాలంటే ఏ క్యాంప్‌గ్రౌండ్ మంచిది, పెద్దవాళ్ళు తట్టుకోగలరా అని అడిగారు. మేం టూసాన్‌లోనే ఉంటాం. వేసవిలో వీలు చిక్కితే చాలు, సామాను కారులో పడేసి కొండెక్కేస్తాం. కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

క్యాంప్‌గ్రౌండ్ పేరు కన్నా ముందు అది ఎన్ని అడుగుల ఎత్తులో ఉందో చూసుకోండి. టూసాన్ ఊరు 2,400 అడుగుల చిల్లర ఎత్తులో ఉంది, కొండ శిఖరం 9,157 అడుగులు. ఈ రెంటినీ కలిపే కాటలీనా హైవే 27 మైళ్ళు ఉంటుంది. ఆ దారిలో ఎక్కడ ఆగారన్న దాన్ని బట్టి మీకు ఎడారి దొరుకుతుందా, అడవి దొరుకుతుందా అన్నది తేలుతుంది. మొదటి కొన్ని మైళ్ళూ సగువారో జెముళ్ళే. తర్వాత గడ్డి, పొట్టి ఓక్ చెట్లు. 7,000 అడుగులకు వచ్చేసరికి పాండరోసా పైన్ చెట్లు, ఇంకా పైకి పోతే ఫర్, ఆస్పెన్. ఊరికీ కొండపైకీ ఉష్ణోగ్రతలో 25, 30 ఫారెన్‌హీట్ డిగ్రీల తేడా మామూలే. కింద 105 ఉన్న రోజున పైన స్వెట్టర్ వెతుక్కోవడం ఇక్కడెవరికీ వింత కాదు.

మ్యాప్‌లో మొదట కనిపించేది మొలీనో బేసిన్. 4,400 అడుగుల ప్రాంతం, అంటే దాదాపు మన హార్స్‌లీ హిల్స్ ఎత్తు. హార్స్‌లీ హిల్స్ చల్లగా ఉంటుంది కదా అనుకోకండి, జులైలో ఇక్కడ మాడిపోతాం. అసలు వేసవిలో దాన్ని మూసేస్తారు. అది చలికాలం క్యాంప్‌గ్రౌండ్. అప్పుడొస్తే పగలు హాయిగా ఉంటుంది, రాత్రి చలిమంట దగ్గర కూర్చోవచ్చు.

దాని తర్వాతది గోర్డన్ హిరాబయాషి క్యాంప్‌గ్రౌండ్, 4,900 అడుగులు. ఇది కూడా మీ జులై ప్రయాణానికి పనికిరాదు. కానీ పైకి వెళ్తూ ఓ పావుగంట అక్కడ ఆగండి. ఒకప్పుడు అది జైలు క్యాంపు. మీరు నడిపే ఈ రోడ్డును 1933 నుంచి చాలా ఏళ్ళపాటు ఖైదీల చేత వేయించారు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ మూలాలున్న అమెరికన్లకు కర్ఫ్యూ పెట్టి, ఇళ్ళ నుంచి తరలిస్తున్నప్పుడు, సియాటిల్‌లో చదువుకుంటున్న హిరాబయాషి ఆ ఆజ్ఞలను ధిక్కరించాడు. 1943లో సుప్రీంకోర్టులో ఓడిపోయాడు. శిక్ష ఇక్కడ అనుభవించమన్నారు గానీ, దారిఖర్చులు ఇవ్వడానికి ప్రభుత్వం ఒప్పుకోలేదు. దాంతో ఆయన దారిన పోయే బళ్ళను లిఫ్ట్ అడుగుతూ అరిజోనా దాకా తనంతట తానే వచ్చాడు. తీరా వస్తే ఆయన కాగితాలు ఇక్కడ దొరకలేదట! 1980లలో కోర్టులు ఆ శిక్షలను కొట్టేశాయి, 1999లో ఈ చోటుకు ఆయన పేరు పెట్టారు. మా అబ్బాయికి ఈ కథ చెబితే, "పారిపోకుండా ఎందుకొచ్చాడమ్మా?" అని కొండ పైదాకా అడుగుతూనే ఉన్నాడు. మీ నాన్నగారికి చరిత్ర ఇష్టమైతే అక్కడ రాతిగోడలు, మెట్ల ఆనవాళ్ళు చూపించండి.

12వ మైలు దగ్గర జనరల్ హిచ్‌కాక్, 6,000 అడుగులు. చిన్నది, ఓక్ చెట్ల నీడ ఉంటుంది, టెంట్లకు మాత్రమే. మంచినీళ్ళు ఉండవు. ఇద్దరు స్నేహితులు బ్యాక్‌ప్యాక్‌లతో వెళ్తే బాగుంటుంది. మీకు వద్దు.

మీకు పనికొచ్చేవి రెండే: రోజ్ కాన్యన్, స్పెన్సర్ కాన్యన్.

రోజ్ కాన్యన్ 17వ మైలు దగ్గర, 7,000 అడుగుల ఎత్తులో ఉంటుంది. అంటే దాదాపు ఊటీ ఎత్తు. అమ్మావాళ్ళకు ఆ మాట చెబితే శాలువాలు వాళ్ళే సర్దుకుంటారు. 70కి పైగా సైట్లు (టెంట్ వేసుకునే చోట్లు), ప్రతిదానికీ బల్ల, మంట వేసుకోవడానికి ఫైర్ రింగ్, సీజన్‌లో కుళాయి నీళ్ళు. అన్నిటికన్నా పిల్లలకు నచ్చేది ఏడెకరాల చెరువు. ట్రౌట్ చేపలు తెచ్చి వదులుతారు. గాలం వేయాలంటే పదేళ్ళు, ఆపైన వాళ్ళకు అరిజోనా ఫిషింగ్ లైసెన్స్ ఉండాలి, ఫోన్‌లోనే కొనుక్కోవచ్చు. ఈత కొట్టనివ్వరు, పడవలూ వేయనివ్వరు. ఆ సంగతి పిల్లలకు ఇంట్లోనే చెప్పి తీసుకెళ్ళండి, లేకపోతే నీళ్ళు కనపడగానే గొడవ మొదలవుతుంది. సైట్లను రిక్రియేషన్ డాట్ గవ్‌లో బుక్ చేసుకోవచ్చు. శని ఆదివారాలవి చాలా ముందే అయిపోతాయి. సోమవారం నుంచి గురువారం మధ్యలో సెలవు పెట్టగలిగితే సగం కష్టం తీరినట్టే. బుక్ చేసేటప్పుడు టాయిలెట్‌కు మరీ ఆనుకొని ఉన్నది కాకుండా, రెండు మూడు సైట్ల అవతల ఉన్నది చూసుకోండి. పెద్దవాళ్ళు రాత్రి లేస్తారు కాబట్టి దగ్గర ఉండాలి, వాసన రాకుండా దూరమూ ఉండాలి!

స్పెన్సర్ కాన్యన్ ఇంకో నాలుగైదు మైళ్ళు పైన, 8,000 అడుగులు. చలి ఇంకాస్త ఎక్కువ, అడవి ఇంకాస్త చిక్కన. చెరువు లేదు కాబట్టి రోజుకని వచ్చే జనం సందడి ఉండదు. మేమిద్దరమే అయితే కళ్ళు మూసుకొని అక్కడికే పోతాం. కానీ సైట్లు వాలులో ఉంటాయి, కొన్నిచోట్ల కారు దగ్గర నుంచి బల్ల దాకా ఎక్కి దిగాలి. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళకు అది పెద్ద పనే. పైగా ఊరి నుంచి గంటలో అంత ఎత్తుకు పోతే ఆయాసం, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం ఉండొచ్చు. రోజ్ కాన్యన్‌లోనూ కొంత ఉంటుంది గానీ, ఆ వెయ్యి అడుగుల తేడా పెద్ద వయసులో తెలుస్తుంది. అమ్మానాన్నల్లో ఎవరికైనా గుండె జబ్బో, ఊపిరితిత్తుల సమస్యో ఉంటే ముందు డాక్టర్ని అడగండి. నీళ్ళు ఎక్కువ తాగించండి. మొదటి రోజు నడకలు పెట్టుకోవద్దు.

కాబట్టి మీకు నా సలహా రోజ్ కాన్యన్. రెండో రోజు కారులో పైనున్న సమ్మర్‌హేవెన్ ఊరికి వెళ్ళి, పిజ్జానో కుకీనో తిని, ఆస్పెన్ చెట్ల కింద కాసేపు కూర్చొని రండి.

ఇక జులై సంగతి. జూన్ నెలంతా ఇక్కడ అడవి ఎండు చితుకులా ఉంటుంది. 2003లో ఆస్పెన్ ఫైర్ అనే కార్చిచ్చు సమ్మర్‌హేవెన్‌లో 300కు పైగా ఇళ్ళను కాల్చేసింది. 2020 జూన్‌లో పిడుగు పడి రేగిన బిగ్‌హార్న్ ఫైర్ దాదాపు 1,20,000 ఎకరాలను చుట్టేసింది. రాత్రిళ్ళు మా వీధిలోంచి చూస్తే కొండ అంచంతా ఎర్రటి గీతలా కనిపించేది. అందుకే మే, జూన్‌లలో మంటల మీద ఆంక్షలు పెడతారు. అవి కఠినంగా ఉన్నప్పుడు కట్టెలు, బొగ్గులు ఏవీ ముట్టించకూడదు. ఆపేందుకు వాల్వ్ ఉన్న గ్యాస్ స్టవ్‌ను మాత్రం సాధారణంగా ఒప్పుకుంటారు. ఒక్కోసారి అడవినే మూసేస్తారు. జులైలో వానలు మొదలయ్యాక ఆ బెడద తగ్గి, ఇంకోటి వస్తుంది: మధ్యాహ్నం ఉరుములు, మెరుపులు.

దానికి మేం పాటించే పద్ధతి చెబుతాను. పొద్దున్నే బయల్దేరి, పన్నెండులోపు సైట్‌కు చేరి, ఒంటిగంటకల్లా టెంట్ వేసి పైన రెయిన్ ఫ్లై (వాన ఆపే కప్పు గుడ్డ) కట్టేస్తాం. తర్వాత వాన వస్తే రానీ. ఉరుము వినపడగానే చెరువు గట్టు, రాళ్ళ అంచులు వదిలేసి అందరం కారులో కూర్చుంటాం. టెంట్ పిడుగు నుంచి కాపాడదు. చాలా రోజులు గంట, గంటన్నరలో ఆగిపోతుంది. ఆ తర్వాత పాండరోసా బెరడు పగుళ్ళ దగ్గర ముక్కు పెట్టి చూడండి, వెనిలా వాసన వస్తుంది. మా అత్తగారు మొదట నమ్మలేదు, తర్వాత చెట్టు చెట్టుకీ వెళ్ళి వాసన చూస్తూ తిరిగారు. టెంట్ వేసేముందు మాత్రం ఓసారి తలెత్తి పైకి చూడండి. పాత మంటల్లో నిలువునా ఎండిపోయిన చెట్లు ఇంకా చోట్ల చోట్ల ఉన్నాయి. గాలికి కొమ్మ విరిగితే చెప్పి పడదు. వాగు పక్కన పల్లంలో కూడా వేయకండి.

వంట గురించి మీరు అడగలేదు గానీ, మనవాళ్ళు ఇబ్బంది పడేది అక్కడే. 8,000 అడుగుల దగ్గర నీళ్ళు 92 డిగ్రీల సెల్సియస్‌కే మరిగిపోతాయి. ఎంత మంట పెట్టినా గిన్నెలో వేడి అంతకు మించదు. కందిపప్పు గంటసేపు తెర్లుతూనే ఉంటుంది, నోట్లో వేసుకుంటే పలుకు. మా అత్తగారు భీమవరం నుంచి తెచ్చిన మూడు లీటర్ల కుక్కర్‌ను వదిలి ఎక్కడికీ కదలరు. ఇంట్లో మేం ఆవిడను ఎంత ఆటపట్టించినా, కొండమీద ఆ కుక్కరే మా పరువు నిలబెట్టింది. ఇంట్లో కన్నా ఒకటి రెండు విజిల్స్ ఎక్కువ రానిచ్చారు, పప్పు మెత్తగా ఉడికింది. కుక్కర్ మోసుకెళ్ళడం ఇష్టం లేకపోతే మొదటి పూటకు పులిహోర, రెండో పూటకు చపాతీలు, గోంగూర పచ్చడి, పొద్దున్నే ఉప్మా. ఇవి చాలు.

అయితే తిన్నాక ఏదీ బల్ల మీద వదలొద్దు. ఈ కొండల్లో నల్ల ఎలుగుబంట్లు ఉన్నాయి. సైట్ల దగ్గర ఇనప పెట్టెలుంటాయి. కూలర్, పచ్చళ్ళు, ఎంగిలి ప్లేట్లు, చెత్త, చివరికి టూత్‌పేస్టు, కొబ్బరినూనె సీసా కూడా అందులోనే పెట్టాలి. ఆవకాయ జాడీని దిండు పక్కన పెట్టుకొని పడుకునే ఆచారం ఎవరికైనా ఉంటే ఆ రెండు రాత్రులూ మానుకోమనండి.

పడక విషయంలో డబ్బుకు వెనకాడకండి. వేసవిలోనూ రాత్రి 50 ఫారెన్‌హీట్ దగ్గరకు దిగుతుంది. చలి పైనుంచి కాదు, నేల నుంచి కొడుతుంది. పెద్దవాళ్ళకు మడత మంచాలు తీసుకెళ్ళండి, వాటి మీద ఫోమ్ వేయండి. కింద పడుకోవడం, లేవడం రెండూ తప్పుతాయి. టాయిలెట్లు గొయ్యి రకం, కమోడ్ ఉంటుంది గానీ నీళ్ళుండవు. ఓ చెంబు, ఐదు గ్యాలన్ల నీళ్ళ డబ్బా, తలకు కట్టుకునే లైటు ఉంటే అమ్మగారు సగం నిశ్చింత. స్నానాలుండవు, కరెంటు ప్లగ్గులుండవు. ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. కొండమీద గ్యాస్ స్టేషన్ లేదు, ట్యాంక్ కిందే నింపుకోండి. దారంతా మలుపులే. పిల్లలకు వాంతుల అలవాటుంటే మధ్యలో విండీ పాయింట్ దగ్గర ఓ పది నిమిషాలు దింపండి. సైకిళ్ళవాళ్ళు చాలామంది ఎక్కుతుంటారు, వాళ్ళను తరుముకొని వెళ్ళొద్దు.

62 దాటినవాళ్ళకు సీనియర్ పాస్‌తో క్యాంపింగ్ సగం ధరకు వస్తుందని ఎవరైనా చెప్పి ఉంటారు. అది అమెరికా పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకే. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు వర్తించదు.

ఇంత చదివాక అమ్మగారు "టెంటా, నావల్ల కాదు" అంటే బలవంతపెట్టకండి. సమ్మర్‌హేవెన్‌లో కేబిన్లు అద్దెకు దొరుకుతాయి. పెద్దవాళ్ళతో మీలో ఒకరు కేబిన్‌లో, పిల్లలతో ఇంకొకరు స్పెన్సర్ కాన్యన్‌లో టెంట్‌లో ఉన్నా బాగుంటుంది. రెంటికీ మధ్య కారులో కొద్ది నిమిషాల దూరమే.

తేదీలు మార్చుకునే వీలుంటే మాత్రం సెప్టెంబర్ రెండో సగానికి జరపండి. వానలు తగ్గుముఖం పడతాయి, బడులు అప్పటికే మొదలై ఉంటాయి కాబట్టి జనం అంతగా ఉండరు. చాండ్లర్‌లో అప్పటికీ ఎండ వదలదు కాబట్టి పారిపోయి రావడానికి కారణమూ ఉంటుంది. అప్పుడూ కుదరక, టూసాన్ దాకా రావడం దూరమనిపిస్తే, మీకు పేసన్ ఊరి మీదుగా వెళ్తే మొగొయాన్ రిమ్ అనే ఎత్తైన కొండ అంచు ఉంది. అక్కడ వుడ్స్ కాన్యన్ లేక్ 7,500 అడుగుల ఎత్తులో ఉంటుంది, చెరువు ఇంకా పెద్దది, పడవలు కూడా అద్దెకిస్తారు. ఫీనిక్స్ జనమంతా అక్కడికే పోతారు కాబట్టి సైట్ దొరకడమే గగనం.