చేదు కబురు కంటే ఎదురుచూపే బరువు

ప్రశ్న: మా సంస్థలో ఆరు నెలలుగా ఉద్యోగాల కోత గురించి పుకార్లు నడుస్తున్నాయి. మా విభాగంలో ఇప్పటికే నలుగురిని పంపించేశారు. మిగిలినవారి సంగతి ఎవరూ తేల్చి చెప్పడం లేదు. రాత్రి మూడింటికి మెలకువ వచ్చి, ఫోన్‌లో ఆఫీసు మెయిల్ చూసుకుంటున్నాను. అందరూ ధైర్యంగా ఉండమంటున్నారు. నేను మరీ పిరికివాడినా?
— ఒక పాఠకుడు

జవాబు: కాదు. 2016లో యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు 45 మందితో ఒక ప్రయోగం చేశారు. కంప్యూటర్ తెర మీది రాళ్ల కింద పాము ఉందో లేదో వారు ఊహించాలి. పాము ఉన్నప్పుడల్లా చేతికి కరెంటు షాక్ తగులుతుంది. షాక్ తప్పదని తెలిసినప్పటి కంటే, తగులుతుందో లేదో సగం సగంగా ఉన్నప్పుడే వారిలో ఒత్తిడి ఎక్కువైంది. ఆరు నెలలుగా మీరున్నది సరిగ్గా ఆ సగంలోనే.

కాబట్టి గుండె దిటవు చేసుకోవడం కంటే, తెలియని వాటిని తగ్గించుకోవడం మీకు ఎక్కువ మేలు చేస్తుంది. నిర్ణయం ఎప్పటిలోగా వస్తుందో, తీసేస్తే ముందుగా ఎన్నాళ్ల గడువిస్తారో, రావలసిన బకాయిలు ఎంతో మీ పై అధికారిని నేరుగా అడగండి. ఆయనకూ తెలియకపోతే, తెలియదన్న సంగతైనా తెలుస్తుంది. జీతం ఆగిపోతే చేతిలో ఉన్న సొమ్ముతో ఇల్లు ఎన్ని నెలలు గడుస్తుందో కాగితం మీద లెక్క వేయండి. ఆ అంకె చిన్నదే కావచ్చు, కానీ రాత్రి మూడింటికి మనసు వేసే లెక్కకు అంతుండదు, దీనికి ఉంటుంది.

ఇక ఆ మెయిల్ సంగతి. చూశాక ఏమీ లేదని తెలిసి కాసేపు ప్రాణం కుదుటపడుతుంది. ఆ కాసేపటి ఊరటే మర్నాడు మళ్లీ చూసే అలవాటును పెంచుతుంది. ఫోన్‌ను వేరే గదిలో పెట్టి పడుకోండి.

రాయడం కూడా ఉపయోగపడవచ్చు. 1994లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఉద్యోగం పోయిన కొందరు నిపుణులు తమ మనసులోని బాధను వరుసగా ఐదు రోజులు, రోజుకు 20 నిమిషాల చొప్పున రాశారు. రాయనివారి కంటే వీరికి త్వరగా కొత్త ఉద్యోగాలు దొరికాయి. చిత్రమేమిటంటే, వీరేమీ ఎక్కువ దరఖాస్తులు పెట్టలేదు. లోపలి కోపం కాగితం మీదే కరిగిపోయి, ఇంటర్వ్యూలో తొణకలేదేమోనని నా ఊహ.

అయితే భారమంతా మీరే మోయాలని నేను అనను. నోరు విప్పని యాజమాన్యం ఉద్యోగులకు మనోధైర్యం మీద శిక్షణ ఇప్పించడం, చూరు కారుతుంటే ఇంట్లోవాళ్లకు గొడుగులు పంచడం లాంటిది. నిద్ర పట్టకపోవడం వారాల తరబడి సాగితే మాత్రం, ఆఫీసు ప్రకటన వచ్చేదాకా ఆగకుండా వైద్యుణ్ణి కలవండి.