పాత హార్డ్‌వేర్‌కు డ్రైవర్ వెతుకుతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఏదో కంపెనీ వదిలించుకున్న సర్వర్‌నూ, రెండు నెట్‌వర్క్ కార్డులనూ, ఒక స్కానర్‌నూ చవకగా కొన్నావనీ, వాటికి డ్రైవర్లు (పరికరాన్ని కంప్యూటర్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్) దొరకక తంటాలు పడుతున్నావనీ మీ అమ్మ చెప్పింది.

నీవు పెట్టె మీదున్న కంపెనీ పేరుతో వెతుకుతూ ఉంటావు. సర్‌ప్లస్ సరుకులో ఆ పేరును నమ్ముకుని లాభం లేదు. ఒకే చిప్‌ను ఎన్నో కంపెనీలు తమ స్టిక్కర్ అంటించి అమ్ముతాయి, డ్రైవర్ మాత్రం ఆ చిప్‌ను బట్టి ఉంటుంది. అందుచేత విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, పసుపు గుర్తు ఉన్న పరికరం ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ ట్యాబ్‌కు వెళ్లి, హార్డ్‌వేర్ ఐడీలను చూసి కాగితం మీద రాసుకో. మొదటి నాలుగు అంకెలు తయారీదారును, తర్వాతి నాలుగు చిప్‌ను తెలుపుతాయి: 8086 ఉంటే ఇంటెల్ (1978లో తెచ్చిన తన ప్రాసెసర్ సంఖ్యనే వారు ఇక్కడా పెట్టుకున్నారు), 10ఈసీ ఉంటే రియల్‌టెక్, 1000 ఉంటే ఎల్ఎస్ఐ. డ్రైవర్ లేకపోయినా ఈ అంకెలు కనిపిస్తాయి. వాటితో ముందు మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కేటలాగ్‌లో వెతుకు. తర్వాత చిప్ తయారీదారు సైట్‌లో చూడు. అక్కడ పాత పేజీ తీసేసి ఉంటే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దాని పాత ప్రతి దొరకవచ్చు. అన్ని డ్రైవర్లూ ఒకే క్లిక్‌తో ఇస్తామనే సైట్ల జోలికి మాత్రం వెళ్లకు.

సర్వర్ సంగతి వేరు. అందులో ఎల్ఎస్ఐ చిప్ ఉన్న పాత రెయిడ్ కార్డు (పలు డిస్కులను కలిపి నడిపే కార్డు) ఉండి, నీవు విండోస్ బదులు రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8 అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేయబోతే, ఇన్‌స్టాలర్‌కు డిస్కులు అసలు కనిపించకపోవచ్చు. కార్డు చెడిపోయిందనుకుని పారేయకు; 2019లో వచ్చిన ఆ వెర్షన్‌లో ఆ తరం కార్డులు చాలావాటి ఐడీలను డ్రైవర్ నుంచి తొలగించారు, అంతే. ఈఎల్‌రెపో అనే స్వచ్ఛంద బృందం ఆ డ్రైవర్లను మళ్లీ అందిస్తోంది, ఇన్‌స్టాల్ చేసే సమయంలోనే ఎక్కించగల డిస్క్ ఇమేజ్‌లు కూడా వారి దగ్గర ఉన్నాయి. రెడ్ హ్యాటే కావాలన్న పట్టుదల లేకపోతే డెబియన్ అనే మరో లినక్స్ వేసుకోవడం సులువు.

స్కానర్‌కు తయారీదారు 32-బిట్ డ్రైవర్ ఒక్కటే ఇచ్చి ఉంటే, 64-బిట్ విండోస్‌లో అది ఎక్కదు, ఎన్ని సెట్టింగులు మార్చినా ప్రయోజనం ఉండదు. డిజిటల్ సంతకం లేని డ్రైవర్ కోసం విండోస్ భద్రతా తనిఖీని ఆపేయమనే సలహాలు కూడా నీకు కనబడతాయి. రోజూ వాడే యంత్రంలో ఆ పని చేయవద్దు. లినక్స్‌లోని సేన్ అనే స్కానర్ సాఫ్ట్‌వేర్ ఆ మోడల్‌ను గుర్తిస్తుందేమో దాని జాబితాలో చూడు, లేదా డబ్బు పెట్టి కొనే వ్యూస్కాన్ అనే స్కానింగ్ ప్రోగ్రామ్ ప్రయత్నించు. అది తన సొంత డ్రైవర్‌తో చాలా పాత స్కానర్లను నడుపుతుంది. కొనే ముందు ఉచిత ట్రయల్‌తో ఒక పేజీ స్కాన్ చేసి చూసుకో.

నెట్‌వర్క్ కార్డుల మీద మాత్రం ఒక సాయంత్రానికి మించి సమయం పెట్టకు. ఐడీతో వెతికినా దొరకకపోతే వాటిని పక్కన పెట్టి, ఇంటెల్ చిప్ ఉన్న పాత గిగాబిట్ కార్డు తెచ్చుకో. ఈసారి అంగడికి వెళ్లేటప్పుడు లైవ్ లినక్స్ (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచేది) ఉన్న పెన్‌డ్రైవ్ తీసుకెళ్లి, డబ్బు ఇవ్వకముందే అక్కడి యంత్రంలో ఎల్ఎస్‌పీసీఐ (lspci -nn) ఆదేశం నడిపి ఐడీలు చూడు. అందుకు ఒప్పుకోని దుకాణంలో కొనకు.

ఆ రెండు కార్డుల ఐడీలు నాకు రాసి పంపు, నేనూ వెతుకుతాను.

ఇట్లు,
మీ మామయ్య