కంచాలు కరిగితే కేసూ కరుగుతుంది

ప్రశ్న: మాది ఒంగోలు. అమ్మాయి పెళ్లికి నెల్లూరులో ఇరవై ఏళ్లుగా తెలిసిన దుకాణంలో రెండు వెండి కంచాలు కొన్నాం. మా అమ్మ దాచిన 40 పాత రూపాయి నాణేలను సగం వెండిగా లెక్కగట్టి తీసుకున్నాడు. మిగతా సొమ్ము ఫోన్‌పేలో కట్టాం. బిల్లు ఇవ్వలేదు, చీటీ మీద బరువు, '92.5' అని రాశాడు. ఇక్కడి దుకాణంలో గీటురాయి మీద గీసి 60 శాతమే అన్నారు. నిలదీస్తే 'తెచ్చివ్వండి, మీ ఎదుటే కరిగించి తేడా ఇస్తాను' అంటున్నాడు. కొని 22 నెలలైంది. ఈ నమ్మకద్రోహానికి శిక్ష లేదా?

జవాబు: ఇరవై ఏళ్ల పరిచయాన్ని ఏ వినియోగదారుల కమిషనూ తూకం వేయదు. మీ కేసు నిలబడేది చీటీ మీది '92.5' అనే అంకె మీద, అంటే నూటికి 92.5 పాళ్లు వెండి అన్న మాట మీద. వెండికి హాల్‌మార్క్ తప్పనిసరి కాదు, అది లేకుండా అమ్మవచ్చు. 92.5 అని రాసి తక్కువది అమ్మకూడదు. చీటీ మీద దుకాణం పేరు లేకపోతే, సొమ్ము ఏ రోజు ఎవరికి చేరిందో చూపే బ్యాంకు స్టేట్‌మెంటే దిక్కు. ముందు అది తెచ్చుకోండి.

కంచాలు మాత్రం అతని చేతికి ఇవ్వకండి. మూసలో పడ్డాక ఆ ముద్ద మీ కంచానిదేనని ఎవరు చెబుతారు? గీటురాయి మాట కూడా సాక్ష్యం కాదు, అది పోటీ వ్యాపారి నోటిమాట. బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) గుర్తింపు ఉన్న కేంద్రంలో ఒక కంచం పరీక్ష చేయించి నివేదిక తీసుకోండి. ఎక్స్‌రే యంత్రం పైపొరనే చూస్తుంది, వెండి పూత ఉంటే బోల్తాపడుతుంది. లోపలి లోహం గీరి రసాయన పరీక్ష చేయమనండి. రెండో కంచం జోలికి పోవద్దు. కమిషన్ అవసరమనుకుంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38 కింద దాన్నే సీలు వేసి ప్రయోగశాలకు పంపుతుంది.

నాణేల మీద ఆశ వదులుకోండి. విక్టోరియా, ఐదో జార్జి బొమ్మల రూపాయి 11.66 గ్రాములు, అందులో 91.7 శాతం వెండి. 1940-45 నాటి రూపాయిలో సగమే. మీవి ఏ సంవత్సరాలవో రాసుకోలేదు, ఒక ఫోటో అయినా తీసుకోలేదు. తల్లి దాచిన సొమ్మును గుప్పెళ్లతో పోసి వచ్చి, ఇప్పుడు నన్నడిగితే ఏం లాభం?

ఫిర్యాదుకు గడువు అదే చట్టం సెక్షన్ 69 ప్రకారం రెండేళ్లు. మోసం తెలిసిన రోజు నుంచి లెక్కించాలని వాదించవచ్చు కానీ దాన్ని నమ్ముకోకండి. కొన్న రోజు నుంచే లెక్కేస్తే మీ చేతిలో ఉన్నది రెండు నెలలు. 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. దారికి రాకపోతే ఒంగోలులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు, నెల్లూరు వెళ్లనక్కర్లేదు. కొన్న విలువ 5 లక్షలు దాటకపోతే రుసుము కూడా లేదు.

ఆ చీటీ పెన్సిలుతో రాసినదైతే ఈరోజే జిరాక్స్ తీయించి, అసలును మడవకుండా కవరులో ఉంచండి.